ఆవిరి ఇంజనుకు రిమోట్: రిచీ స్ట్రీట్ సందులో చేయించిన పని

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాడికి రిచీ స్ట్రీట్ గురించి చెప్పక్కర్లేదు. ఆ వీధిని ఆనుకుని ఉన్న ఒక సందులో, సెల్‌ఫోన్ డిస్‌ప్లేలు అమ్మే కొట్టు పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే, రెండో అంతస్తులో డ్రోన్లూ రిమోట్ విమానాలూ బాగుచేసే చిన్న షాపు ఒకటుంది. బోర్డు లేదు. రిమోట్ పెట్టించుకోవడానికి నా చిన్న ఆవిరి రైలింజను అక్కడికి రెండుసార్లు వెళ్ళొచ్చింది. మూడోసారి ఆ షాపు కుర్రాడే నా దగ్గరికి వచ్చి సరిచేశాక బ్రహ్మాండంగా నడుస్తోంది. మొదటి రెండుసార్లు ఏం జరిగిందో దాచిపెట్టి బాగుందని రాస్తే అబద్ధం. జరిగిందంతా రాసి షాపు పేరు కూడా పెడితే ఆ కుర్రాడికి అన్యాయం. అందుకని పేరు రాయను. ఈ పని ఎవరితో చేయించుకున్నా ఇవే చిక్కులు వస్తాయి కనక, పేరు లేకపోయినా ఈ రివ్యూ పనికొస్తుంది.

నేను పెరంబూరులో పళ్ళ డాక్టర్ని. మాది నెల్లూరు జిల్లా బిట్రగుంట. నాయన అక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, బొగ్గు ఇంజన్లు పోయాక కరెంటు బళ్ళెక్కి, చివరికి మద్రాసులో రిటైరయ్యాడు. ఇప్పుడు 84 ఏళ్ళు. మేడ మెట్లు ఇంకా ఒక్కడే ఎక్కుతాడు. లండన్‌లో ఉండే మా బావమరిది సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చిచ్చిన ఇంజను ఇది. ఇంగ్లండులోని డాంకాస్టర్‌లో 1982 నుంచి ఇలాంటివే తయారుచేస్తున్న రౌండ్‌హౌస్ కంపెనీది. పేరు వినగానే నాయన మొహం వెలిగిపోయింది. "బిట్రగుంట షెడ్డు గూడా రౌండ్‌హౌసే గదరా, నడిమధ్యన టర్న్‌టేబులు, చుట్టూతా ఇంజన్లు" అని ఆ సాయంత్రమంతా అదే కథ.

తెలియనివాళ్ళకు ఒక మాట. ఇది కరెంటు బొమ్మ కాదు. లోపల నిజమైన రాగి బాయిలర్ ఉంటుంది. సిగరెట్ లైటర్లలో నింపే బ్యూటేన్ గ్యాసుతో లోపలి గొట్టంలో మంట మండుతుంది. నీళ్ళు మరిగి, ఆవిరి పీడనం 40 పి.ఎస్.ఐ. దాటబోతే సేఫ్టీ వాల్వు చీదుతుంది. ఆ ఆవిరే పిస్టన్లను తోస్తుంది. ఒకసారి గ్యాసు నింపితే దాదాపు అరగంట నడుస్తుంది. డార్జిలింగ్ రైలులా రెండడుగుల గేజి లైన్లమీద తిరిగే చిన్న ఇంజన్ల కోసం పుట్టిన కొలత ఇది. అసలు ఇంజనులో అడుగుకు ఇక్కడ 16 మిల్లీమీటర్లు. ఆ లెక్కన పట్టాల మధ్య 32 మిల్లీమీటర్లు ఉండాలి. నాది 45 మిల్లీమీటర్ల రకం. ఆ తేడా పట్టించుకునేవాళ్ళు పట్టించుకుంటారు, నేను పట్టించుకోను. నీళ్ళకు మాత్రం నాకు ఇబ్బంది లేదు. క్లినిక్‌లో పనిముట్లను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ కోసం తెప్పించే డిస్టిల్డ్ వాటర్ ఉండనే ఉంది. పెరంబూరు బోరు నీళ్ళు పోస్తే ఆ రాగి బాయిలర్ మా ఇంటి గీజర్‌లా తయారవుతుంది.

రిమోట్ ఎందుకంటే, పట్టాలు వేసిన మా మేడ వల్ల. వాననీళ్ళు మూలనున్న పైపులోకి పోవాలని మేస్త్రీ మేడను ఒక పక్కకు వాలుగా కట్టాడు. పన్నెండు అడుగుల దూరానికి ఒకటిన్నర అంగుళం పల్లం. మనిషికి తెలియదు, ఇంజనుకు తెలుస్తుంది. రెగ్యులేటర్, అంటే ఆవిరి కుళాయి, కొంచెం తెరిచి వదిలితే ఎగువన ఆయాసపడి ఆగిపోతుంది, ఇంకొంచెం తెరిస్తే దిగువన గుర్రమవుతుంది. వంగి దాని వెంటబడి, కాలే క్యాబ్‌లో వేలు పెట్టి లివర్ సర్దుతూ ఎన్ని చుట్లు పరిగెత్తగలం? నా వేళ్ళు నాకు బతుకుతెరువు మరి.

కావలసింది మహా కష్టమైన పనేం కాదు. రెండు సర్వోలు. సర్వో అంటే రిమోట్‌లో స్టిక్ ఎంత కదిపితే అంత తిరిగే చిన్న మోటారు డబ్బా. ఒకటి రెగ్యులేటర్‌కు. ఇంకొకటి ముందుకూ వెనక్కూ మార్చే రివర్సర్‌కు. రిమోట్ సిగ్నల్ అందుకునే ఒక రిసీవర్, ఒక బ్యాటరీ, ఒక స్విచ్. కుర్రాడు ఇంజనును బల్లమీద పెట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా చూశాడు. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారట, కానీ పుట్టిపెరిగింది చింతాద్రిపేటలో. "చాలా బాగుండాది డాక్టర్ సార్, ఫ్లైట్ మాదిరే చేసేస్తాం, ఒక వారం" అన్నాడు. ఆ "ఫ్లైట్ మాదిరే" అన్న మాట దగ్గరే నేను ఆగాల్సింది.

ఒక్క విషయంలో మాత్రం మొదటిరోజే గట్టిగా పట్టుబట్టాను. విమానాల్లో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ పెడతానన్నాడు, తేలిగ్గా ఉంటుందని. రెండంగుళాల అవతల గ్యాసు మంట ఉన్నచోట లిథియం ఏమిటి? ఇంజనుకు బరువు ఉంటేనే పట్టాలమీద పట్టు. మామూలు ట్రిపుల్ ఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు, 4.8 వోల్టులు, కుడివైపు నీళ్ళ ట్యాంకులో పెట్టమన్నాను. ఆ ట్యాంకు అలంకారమే, లోపల నీళ్ళుండవు. ఆ మాట విన్నాడు.

వారం అన్నది పది రోజులైంది. ఇంజను ఇంటికొచ్చింది. చల్లగా ఉన్నప్పుడు స్టిక్ కదిపితే లివర్లు ముద్దుగా కదిలాయి. మేడమీద గ్యాసు వెలిగించాను, గేజి ముల్లు లేచింది, మూడు చుట్లు కులాసాగా తిరిగింది. నాలుగో చుట్టులో రెగ్యులేటర్ మూశాను. మూతపడలేదు. మళ్ళీ మూశాను. సర్వో తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది, ఇంజను మాత్రం పోతూనే ఉంది. వెంటపడి గ్యాసు కట్టేసి, చల్లారాక పంటి అద్దం క్యాబ్‌లోకి పెట్టి చూశాను. నోట్లో వెనక దవడ పన్ను చూసే అద్దమే. ఇలాంటి చోట దాన్ని మించిన పనిముట్టు లేదు. సర్వోను స్క్రూలతో బిగించలేదు. గ్లూ గన్‌తో అతికించాడు! చిమటాతో తాకితే ఎముక అరిగిన పన్నులా అటూ ఇటూ ఊగింది. 40 పి.ఎస్.ఐ. దగ్గర బాయిలర్‌లో నీళ్ళ వేడి 141 డిగ్రీలు. మా ఆటోక్లేవ్ మామూలుగా నడిచేది 121 దగ్గర. బాయిలర్ వెనక పలకకు అర అంగుళం దూరంలో గ్లూ గన్ జిగురు ఎంతసేపు నిలబడుతుంది?

కోపం వచ్చింది కానీ ఆలోచిస్తే అతని తప్పు ఎక్కడుందో అర్థమైంది. వాళ్ళు పరీక్ష చేసింది చల్లగా, బల్లమీద. డ్రోను బల్లమీద ఎలా ఉంటుందో గాల్లోనూ దాదాపు అలాగే ఉంటుంది. ఆవిరి ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒక వస్తువు, కాగాక ఇంకో వస్తువు.

రెండోసారి ఇత్తడి బ్రాకెట్టు చేసి, సన్న స్క్రూలతో బిగించి, సర్వోకూ బాయిలర్‌కూ మధ్య టెఫ్లాన్ షీటు పెట్టి ఇచ్చాడు. ప్లాస్టిక్ పళ్ళ సర్వో తీసేసి మెటల్ పళ్ళది వేశాడు. డబ్బులు తీసుకోలేదు. నేను సంతోషించాను. అసలు కథ ఆ ఆదివారం జరిగింది.

విమానం రిమోట్లో రెండు స్టిక్కులుంటాయి. ఎడమదాని పైకీ కిందకూ కదలిక ఒక్కటే వదిలినచోట ఆగుతుంది, విమానంలో అది ఇంజను వేగానికి. మిగతావన్నీ స్ప్రింగువి, వదిలితే మధ్యకు వస్తాయి. ఈ మహానుభావుడు రెగ్యులేటర్‌ను కుడివైపు స్ప్రింగు స్టిక్కుకు ఇచ్చాడు. "కుడి చెయ్యి అందరికీ అలవాటు గదా సార్" అని తర్వాత చెప్పాడు. అంటే స్టిక్కును కిందికి నొక్కి పట్టుకున్నంతసేపే రెగ్యులేటర్ మూత. చెయ్యి తీస్తే సగం తెరుచుకుంటుంది. నేను ఆ సంగతి కనిపెట్టేలోపే ఫోన్ మోగింది. రూట్ కెనాల్ చేయించుకున్నాయన, నొప్పిట. ఒక చేత్తో ఫోన్ అందుకున్నాను. ఇంజను పల్లం వైపు తిరిగి ఒక్క ఉదుటున లంకించుకుంది. కంగారులో నాకు తోచింది ఒక్కటే, రిమోట్ ఆపేశాను. బొమ్మ కారైతే ఆగుతుంది కదా.

ఆగలేదు. సిగ్నల్ పోయినప్పుడు ఏం చెయ్యాలో రిసీవర్‌కు ముందే చెప్పిపెట్టడాన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. దీనికి ఎవరూ చెప్పలేదు. అది చివరిగా విన్న మాటనే పట్టుకుని కూర్చుంది. వినపడిన ఆ చివరి మాట సగం ఆవిరి. మలుపు దగ్గర పట్టాలు వదిలేసి, మా ఆవిడ కరివేపాకు కుండీని గుద్ది, పక్కకు పడింది. పడ్డాక కూడా చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, సేఫ్టీ వాల్వు బుసకొడుతోంది, లోపల మంట గుయ్యిమంటోంది. చెయ్యి పెట్టే వీలు లేదు. కిందికి పరిగెత్తి, జ్ఞానదంతం ఆపరేషన్లకు వాడే పొడుగాటి ఆర్టరీ ఫోర్సెప్స్ తెచ్చి, దాంతో గ్యాసు వాల్వు తిప్పి కట్టేశాను. కుర్చీలోంచి లేవకుండానే నాయన అన్నాడు: "డ్రైవరు దిగిపోయినా బండి పోతానే ఉంటాదిరా. నువ్వు స్విచ్చి ఆపినావని ఆవిరికేం తెలుసు?"

క్యాబ్ చేతికడ్డీ వంగింది, ఎడమ ట్యాంకు మీద రంగు లేచిపోయింది. అంతటితో పోయింది.

సోమవారం షాపుకు ఫోన్ చేసి ఈసారి నేను రానని, అతన్నే పనిముట్లతో నా క్లినిక్‌కు రమ్మన్నాను. వచ్చాడు. జరిగింది చెప్తే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఫ్లైట్‌కైతే ఫెయిల్‌సేఫ్ పెట్టకుండా ఎవరికీ ఇయ్యను సార్. దీంట్లో మోటారే లేదు గదా అనుకొంటిని" అన్నాడు. ఆ సమాధానంలో నిజాయితీ ఉంది. అతనికి తెలియనిది ఎలక్ట్రానిక్స్ కాదు, ఆవిరి. కరెంటు మోటారుకు ఎవరో ఒకరు "నడువు" అని చెప్తూ ఉండాలి. ఆవిరికి "ఆగు" అని చెప్పాలి.

మధ్యాహ్నం పేషెంట్లు లేని రెండు గంటలు పనిచేశాం. డెంటల్ చెయిర్‌కు గాలి అందించే కంప్రెసర్ ఉంది కదా, దాన్ని 20 పి.ఎస్.ఐ.కి తగ్గించి, సేఫ్టీ వాల్వును ముట్టుకోకుండా పక్కనున్న బిరడా విప్పి, అక్కడినుంచి బాయిలర్‌లోకి గాలి పట్టించాం. మంట లేకుండా, వేడి లేకుండా చక్రాలు తిరుగుతాయి. చక్రాలు నేలకు తగలకుండా ఇంప్రెషన్ ప్లాస్టర్ దిమ్మలమీద ఇంజనును నిలబెట్టాం. అప్పుడు కనబడింది ఇంకో జబ్బు: రెగ్యులేటర్ పూర్తిగా మూతపడ్డాక కూడా సర్వో ఇంకా తొయ్యాలని చూస్తూ జుయ్యిమంటోంది. అలా మూలుగుతూ ఉంటే బ్యాటరీ అరగంటలో పోతుంది, సర్వో కూడా పోతుంది. రిమోట్ మెనూలో ఎక్కడివరకు తిరగాలో హద్దు పెట్టొచ్చు, కానీ అతను వేసిన కడ్డీ మెత్తటిది, తోసినప్పుడల్లా వంగుతోంది, దానికి హద్దేం పెడతాం?

ఇక్కడ నా వృత్తి అక్కరకొచ్చింది. ఎత్తుపళ్ళ పిల్లలకు క్లిప్పులు చేసే గట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ వైరు నా దగ్గర చుట్టలు చుట్టలుగా ఉంటుంది. 0.9 మిల్లీమీటర్ల వైరు తీసి, ఆడమ్స్ ప్లయర్‌తో ఒక కొసన జెడ్ ఆకారంలో మడత పెట్టి సర్వో చేతి రంధ్రంలో దూర్చాను. మధ్యలో చిన్న వంకీ ఒకటి పెట్టాను. రెగ్యులేటర్ మూతపడ్డాక మిగిలిన ఒక వెంట్రుకవాసి తోపును ఆ వంకీ స్ప్రింగులా మింగేస్తుంది. మూలుగు ఆగిపోయింది. కుర్రాడు ఆ వంకీని ఫోన్‌లో అన్ని వైపులనుంచీ ఫొటోలు తీసుకున్నాడు. "ఈ వైరు ఎక్కడ దొరుకుద్ది సార్?" అని అడిగాడు. ఒక చుట్ట ఇచ్చి పంపాను.

రెగ్యులేటర్‌ను ఎడమ స్టిక్కుకు మార్చాడు. అక్కడున్న రివర్సర్ కుడివైపు స్ప్రింగు స్టిక్కు మీదకు వచ్చింది, అది మంచిదే. చెయ్యి వదిలితే మధ్యకొచ్చి ఇంజను ఏ వైపుకూ లాగదు. ఫెయిల్‌సేఫ్ పెట్టాడు. సిగ్నల్ పోతే రెగ్యులేటర్ మూతపడాలి, అంతే. రిమోట్ ఆన్‌లో ఉండగా ఒకసారి, ఆపేసి ఒకసారి, గాలి పడుతుండగా పదిసార్లు చూసుకున్నాం. ఎవరితో ఈ పని చేయించుకున్నా ఈ ఒక్క పరీక్ష మీ కళ్ళముందు చేయించుకోకుండా డబ్బులివ్వకండి.

ఏంటెనా గొడవ చిన్నదే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. అందులో పావు వంతు, 31 మిల్లీమీటర్ల కొస రిసీవర్ తీగలో బయటికి నిటారుగా ఉండాలి. మొదట అతను తీగంతా చుట్టి క్యాబ్ రేకుల మధ్య దోపేశాడు. పైగా మా మేడమీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఉంది. దాని చాటుకు వెళ్ళగానే సిగ్నల్ చచ్చిపోయేది, నీళ్ళు ఈ తరంగాలను మింగేస్తాయి. ఇప్పుడు ఆ కొసను కూల్‌డ్రింక్ స్ట్రా ముక్కలో పెట్టి క్యాబ్ వెనక కిటికీ పక్కన నిలబెట్టాం. ట్యాంకు చాటున కూడా పలుకుతోంది.

మొత్తం ఖర్చు: ఆరు చానెళ్ళ రిమోటూ రిసీవరూ కలిపి 5,200. సర్వోలు, సెల్స్, స్విచ్, చిల్లర సామాను 1,900. కూలి 4,500. వెరసి 11,600. తర్వాతి రెండు రిపేర్లకు ఒక్క రూపాయి అడగలేదు, క్లినిక్‌కు వచ్చినందుకు ఆటో డబ్బులు ఇస్తే మొహమాటపడ్డాడు. ధర విషయంలో నాకు ఫిర్యాదు లేదు. మూడు వారాలు పట్టింది, అది కూడా సరే. ఉన్న ఫిర్యాదు ఒకటే: ఛార్జింగ్ పిన్ను ట్యాంకు అడుగున పెట్టాడు. ఛార్జి చెయ్యాలంటే ప్రతిసారీ ఇంజనును పక్కకు పడుకోబెట్టాలి, అప్పుడు లూబ్రికేటర్‌లోని చిక్కటి ఆయిలు కారి టేబులంతా జిడ్డు.

ఇంజను ఇప్పుడు ఎలా నడుస్తోందో చెప్తాను. ఎగువన స్టిక్కు ఒక గాటు పైకి, దిగువన రెండు గాట్లు కిందికి. మనిషి నడకకన్నా నెమ్మదిగా, చక్రం చక్రం లెక్కపెట్టగలిగేలా పోతుంది. వెంట పరుగెత్తే పని లేదు. చెన్నై ఎండలో ఒక జాగ్రత్త మాత్రం కావాలి. పొద్దెక్కాక గ్యాసు ట్యాంకు వేడెక్కి మంట మరీ ఎగదన్నుతుంది, గ్యాసు నింపేటప్పుడు కూడా సరిగ్గా దిగదు. తడిగుడ్డ చుట్టి, నీడలో నింపుకోవాలి. మేం ఉదయం ఏడుకే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగిస్తాం.

మొదట్లో నాయన రిమోట్ ముట్టుకోనన్నాడు. రెండో వారం అడిగి తీసుకున్నాడు. నేను రెగ్యులేటర్‌తోనే అన్నీ చేసేవాణ్ణి. ఆయన రెగ్యులేటర్ ఒకసారి తెరిచి దాన్ని వదిలేశాడు, మిగతాదంతా రివర్సర్‌తోనే. స్టిక్కును బొటనవేలితో పూర్తిగా ముందుకు తోసి బయలుదేరదీశాడు. ఇంజను ఊపందుకోగానే వేలిని కొంచెం కొంచెంగా మధ్యవైపు వెనక్కు తెచ్చాడు. చిమ్నీ చప్పుడు మారింది. బరబరమనేది పొడిగా, తేలిగ్గా వినబడింది. ఆవిరిని సిలిండర్‌లోకి కాసేపే వదిలి, మిగతా పనంతా అది వ్యాకోచించేటప్పుడు చేయించుకోవడం. "ఇదిరా కటాఫ్. రెగ్యులేటర్‌తో ఎవడైనా తోలతాడు" అన్నాడు. ఆ రోజు అదే గ్యాసుతో మామూలు కంటే మూడు చుట్లు ఎక్కువ తిరిగింది, లెక్కపెట్టాను. స్ప్రింగు స్టిక్కును అలా సగంలో పట్టుకుని ఉండటం వల్ల ఆయన బొటనవేలు నొప్పి పుట్టింది. కిందికొచ్చి జండూబామ్ రాసుకున్నాడు. స్ప్రింగు మంచిదని పైన రాశాను కదా, నాయన లాంటివాళ్ళకు కాదు. ఆ స్ప్రింగు తీయించాలి.

మూడో చానెల్ మీద కూత పెట్టించుకోమని కుర్రాడు అడిగాడు, 1,200 అవుతుందట. నాయన ఒప్పుకోలేదు. "అంత చిన్న ఇంజను కూత వేస్తే ఈల వేసినట్టుంటాది, వద్దు." సరే, కూత లేదు. స్ప్రింగు తీయించడం, ఛార్జింగ్ పిన్ను పైకి మార్పించడం, ఈ రెండు పనులకు వచ్చే శనివారం మళ్ళీ ఆ మెట్లెక్కుతున్నా. మీరూ వెళ్ళేట్టయితే ఆదివారం పెట్టుకోకండి, ఆ వీధంతా దాదాపు మూసే ఉంటుంది.